బొమ్మ పోతే ఎవరికి చెప్పాలి?

కరెంటు పోతే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తాం. కుళాయి రాకపోతే మున్సిపాలిటీని నిలదీస్తాం. రేషన్ బియ్యం తూకం తగ్గితే తహసీల్దారు దగ్గరికి వెళ్తాం. మరి టీవీలో బొమ్మ పోతే? నెలనెలా డబ్బు కడుతున్న సేవే కదా, అడిగేవాడెవడు? చెప్పేవాడెవడు?

చివరి ఓవర్. ఆరు బంతులు, పది పరుగులు. వంటింట్లో స్టవ్ కట్టేసి అమ్మ కూడా హాల్లోకి వచ్చి నిలబడింది. సరిగ్గా అప్పుడే తెర నీలంగా మారుతుంది. మధ్యలో చిన్న పెట్టె, అందులో రెండే మాటలు... ‘నో సిగ్నల్’!

ఇంటాయన సెల్‌ఫోన్ అందుకుంటాడు. అవతల కేబుల్ అబ్బాయికి అప్పటికే ఇరవై ఫోన్లు వచ్చి ఉంటాయి. ‘మీ ఒక్కరిదే కాదు సార్, పైనుంచే పోయింది’ అంటాడు. తెలుగునాట ఈ మాట వినని కేబుల్ ఇల్లు ఉండదేమో. ఆ ‘పైన’ అంటే ఎక్కడో, అక్కడ ఎవరుంటారో మాత్రం ఎవరూ అడగరు. అడిగినా ఆ అబ్బాయి చెప్పలేడు.

నిజానికి ఆ ‘పైన’ రెండు అంతస్తులున్నాయి. కార్యక్రమాలు తయారుచేసి ఉపగ్రహానికి పంపేది చానెల్ కంపెనీ. దాన్ని పెద్ద డిష్‌లతో అందుకుని, వందల చానెళ్లను కలగలిపి తీగలోకి వదిలేది ఎమ్మెస్వో. ఆ తీగను వీధి వీధికీ లాగి, మన గోడకు మేకు కొట్టి లోపలికి తెచ్చేది స్థానిక ఆపరేటర్. మనకు కనిపించేది ఆఖరివాడు ఒక్కడే. తిట్లు తినేదీ అతనే!

కరెంటు సంగతి చూడండి. 1912కి ఫోన్ చేయొచ్చు. పని జరగకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2003 నాటి విద్యుత్ చట్టం ఈ మెట్లన్నీ కట్టి పెట్టింది. కేబుల్‌కి మెట్లు లేవని కాదు. ఉన్నాయి. కాకపోతే అవి మన ఊళ్లో మొదలు కావు.

పోస్టాఫీసులో రిజిస్టర్

1991లో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ ప్రత్యక్షంగా చూపించింది. ఆ తర్వాతే మన పట్టణాల్లో మేడల మీద గొడుగుల్లాంటి డిష్‌లు మొలిచాయి. అంతకుముందు నుంచీ వీడియో లైబ్రరీ నడుపుతున్న కుర్రాళ్లు కొందరు క్యాసెట్ ప్లేయర్‌కి తీగ కలిపి వీధంతటికీ సినిమాలు చూపిస్తుండేవాళ్లు. వాళ్లే కేబుల్ ఆపరేటర్లయ్యారు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక తెలుగిళ్లకు కేబుల్ లేకపోతే తోచని పరిస్థితి. డాబా మీద నుంచి డాబా మీదికి, చెట్టు మీద నుంచి స్తంభం మీదికి తీగలు పాకిపోయాయి. ఎవరూ ఎవరి అనుమతీ అడగలేదు. ఎవరిని అడగాలో కూడా అప్పటికి తెలియదు.

ప్రభుత్వం మేల్కొని 1994 సెప్టెంబరులో ఆర్డినెన్స్ తెచ్చింది. మర్నాటి ఏడాది అది ‘కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ (నియంత్రణ) చట్టం’ అయింది. ఆపరేటర్ అనేవాడు తప్పకుండా రిజిస్టర్ చేసుకోవాలన్నారు. ఎక్కడ? హెడ్ పోస్టాఫీసులో! ఒక ఫారం నింపి, ఐదొందల రూపాయలు కడితే ఏడాదికి సరిపడా సర్టిఫికెట్. మళ్లీ ఏడాది, మళ్లీ ఐదొందలు.

ఇంతకీ పోస్టాఫీసుకీ కేబుల్‌కీ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. ఒకప్పుడు రేడియో లైసెన్సులు ఇచ్చింది కూడా పోస్టాఫీసే కదా, ఆ అలవాటు కాబోలు. దేశంలో ప్రతి ఊరికీ అందుబాటులో ఉన్న కేంద్రప్రభుత్వ కార్యాలయం అదే అన్న సౌలభ్యం కూడా ఉంది. కానీ పోస్ట్‌మాస్టర్ గారు పేరు రాసుకోగలరు, రశీదు ఇవ్వగలరు. మీ ఇంట్లో బొమ్మ ఎందుకు చుక్కలు చుక్కలుగా వస్తోందో చూడటం ఆయన పని కాదు. అలా చూసే అధికారం చట్టం ఆయనకివ్వలేదు.

కలెక్టర్ గారేం చేయగలరు?

ఊళ్లో ఇంకెవరికైనా అధికారం ఉందా అంటే, ఉంది. చట్టం ‘అధీకృత అధికారి’ అని ఒకరిని పెట్టింది. జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో ఆర్డీవో, నగరాల్లో పోలీస్ కమిషనర్. వీళ్లకిచ్చిన అధికారాలు చిన్నవేం కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే పరికరాలు స్వాధీనం చేసుకోవచ్చు. దూరదర్శన్ చానెళ్లను తప్పనిసరిగా ఇవ్వాలన్న షరతు మీరినా అంతే. మతాల మధ్య, కులాల మధ్య, భాషల మధ్య చిచ్చుపెట్టే కార్యక్రమాన్ని ఆపేయమని ఆదేశించవచ్చు. తప్పు చేసిన ఆపరేటర్‌కి తొలిసారైతే రెండేళ్ల దాకా జైలు, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా అని చట్టంలో రాసుకున్నారు. ఆ జైలు శిక్షలను 2023లో జన్ విశ్వాస్ చట్టంతో తీసేసి, హెచ్చరికలూ జరిమానాలూ పెట్టారు.

మరి బొమ్మ రాకపోతే? ఆ అధికారాల జాబితాలో ఈ ముక్క ఎంత వెతికినా కనిపించదు.

2005లో కేంద్ర సమాచార ప్రసార శాఖ జిల్లాకో పర్యవేక్షణ కమిటీ వేయమంది. 2008లో మళ్లీ ఆదేశాలిచ్చింది. కలెక్టర్ లేదా పోలీస్ కమిషనర్ అధ్యక్షులు. ఎస్పీ, మహిళా కళాశాల ప్రిన్సిపాల్, స్త్రీ శిశు సంక్షేమానికి పనిచేసే సంస్థల ప్రతినిధులు, చదువుకున్న పెద్దలు సభ్యులు. కేబుల్ మీద ఫిర్యాదులు తీసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. కానీ ఏ ఫిర్యాదులు? అశ్లీలం, హింస, స్థానిక చానెల్లో అభ్యంతరకర దృశ్యాలు... అన్నీ తెర మీద కనిపించేవాటి గురించే. తెర మీద ఏమీ కనిపించకపోతే ఏం చేయాలన్నది ఆ కమిటీ పరిధిలోకి రాదు! 2021లో తెచ్చిన మూడంచెల ఫిర్యాదుల పద్ధతి కూడా కార్యక్రమాల మంచిచెడ్డల కోసమే. చానెల్ 24 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. సీరియల్లో అత్త కోడలిని మరీ ఘోరంగా కొట్టిందని ఫిర్యాదు చేయడానికి దారి ఉందన్నమాట. ఆ సీరియల్ వారం రోజులుగా రావడం లేదని చెప్పుకోవడానికి మాత్రం మీ ఊళ్లో ఆఫీసు లేదు.

రాత్రికి రాత్రి చానెల్ మాయం

సాంకేతిక లోపం వల్ల బొమ్మ పోవడం ఒక ఎత్తు. ఎవరో కావాలని తీసేయడం ఇంకో ఎత్తు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, 2014 జూన్‌లో, అక్కడి ఎమ్మెస్వోలు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానెళ్లను ఆపేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వం మారాక కొన్ని వార్తా చానెళ్లు కనబడకుండా పోయాయి. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, ఈసారి వేరే చానెళ్లు పోయాయి. పార్టీ ఏదైనా, రాష్ట్రం ఏదైనా, రిమోట్ నొక్కిన మనిషికి కనిపించింది నల్లటి తెరే.

ఇలాంటప్పుడు చానెళ్లు ఊరుకోవు. ఢిల్లీలోని టెలికాం వివాదాల ట్రైబ్యునల్ టీడీశాట్‌కి వెళ్తాయి, హైకోర్టులకు వెళ్తాయి. వాదనలు వినిపించేది చానెల్ లాయరు, ఎమ్మెస్వో లాయరు. ఆ చానెల్ కోసం ముందే డబ్బు కట్టిన ఇంటావిడ తరఫున వకాల్తా వేసేవాళ్లుండరు. 2023 ఫిబ్రవరిలో ధరల పేచీ వచ్చి పెద్ద చానెల్ కంపెనీలు దేశవ్యాప్తంగా కొన్ని కేబుల్ నెట్‌వర్కులకు సిగ్నల్ ఆపేసినప్పుడూ ఇదే తంతు. వాళ్లూ వాళ్లూ రాజీపడేదాకా ఇళ్లలో ఎదురుచూపులే.

బిల్లు కథ

ఒకప్పుడు బిల్లంటే అట్టముక్క కార్డు. నెలకో గడి, అందులో ఆపరేటర్ సంతకం. రేటు వీధిని బట్టి, మనిషిని బట్టి! ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇచ్చాడో ఆపరేటర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. వెయ్యి ఉంటే రెండొందలని చెప్పుకునే వీలుండేది. దీనికి విరుగుడుగానే సెట్‌టాప్ బాక్సు ఆలోచన వచ్చింది. 2003లో చెన్నైలో, 2006 డిసెంబరు 31 నుంచి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతాల్లోని కొన్ని ప్రాంతాల్లో ‘క్యాస్’ పద్ధతి పెట్టారు. ఆ మూడు నగరాల్లో ఉచిత చానెళ్లకు నెలకు 77 రూపాయలు, పే చానెల్ ఏదైనా ఐదు రూపాయలు అని కట్టడి చేశారు. హైదరాబాద్‌కి ఆ యోగం పట్టలేదు. మన దగ్గర బాక్సులు తప్పనిసరి అయింది 2013లో, అదీ ముందు హైదరాబాద్, విశాఖపట్నంలలోనే. తర్వాత ఊళ్లకు పాకింది.

ఈలోగా 2004 జనవరిలో కేబుల్ వ్యవహారాన్ని కేంద్రం ట్రాయ్ చేతిలో పెట్టింది. అప్పటిదాకా ఫోన్ల సంగతి చూసిన సంస్థ అది. వస్తూనే చేసిన పని, 2003 డిసెంబరు 26న ఎంత వసూలు చేస్తున్నారో అంతకు మించి పెంచొద్దని రేట్లకు తాళం వేయడం. 2019 ఫిబ్రవరిలో ఏకంగా లెక్కే మార్చేసింది. చానెల్‌కో ధర, నచ్చినవే కొనుక్కోండి అంది. వంద చానెళ్ల దాకా నెట్‌వర్క్ రుసుము 130, పన్నుతో కలిపి 153 రూపాయల పైచిలుకు. దాని మీద పే చానెళ్ల ధర అదనం. కాగితం మీద చూస్తే కూరగాయల బజారంత సుఖం. ఇంట్లో మాత్రం నాన్నకి వార్తలు, నానమ్మకి భక్తి, పిల్లలకి కార్టూన్లు, అమ్మకి సీరియళ్లు... అన్నీ ఏరుకుని కూడేసరికి పాత బిల్లు కంటే ఎక్కువైందని గగ్గోలు. చివరికి చాలామంది ఆపరేటర్ ఇచ్చిన ‘ప్యాక్’ తీసుకుని ఊరుకున్నారు. 2020లో అదే 130కి రెండొందల చానెళ్లు ఇవ్వాలన్నారు. 2024లో నెట్‌వర్క్ రుసుము మీద ఉన్న ఆ పరిమితి కూడా ఎత్తేశారు.

పుస్తకంలో ఉన్నవి

సేవలెలా ఉండాలో ట్రాయ్ చెప్పలేదా? బోలెడు చెప్పింది. తెలిసినవాళ్లే తక్కువ. ఎమ్మెస్వోకి టోల్‌ఫ్రీ నంబరుతో వినియోగదారుల కేంద్రం ఉండాలి. ఫిర్యాదు చేయగానే దానికో నంబరు ఇవ్వాలి. దాన్నే ‘డాకెట్ నంబర్’ అంటారు. సిగ్నల్ పోయిందన్న ఫిర్యాదుల్లో నూటికి తొంభై 24 గంటల్లో సరిచేయాలని 2012 నిబంధనల్లోనే రాశారు. బిల్లు తగాదా ఏడు రోజుల్లో తేల్చాలి, డబ్బు వాపసు రావాల్సి ఉంటే 30 రోజుల్లో ఇవ్వాలి. కేంద్రం పట్టించుకోకపోతే రాష్ట్రానికొకరు చొప్పున నోడల్ అధికారి ఉండాలి.

చిక్కంతా ఆ డాకెట్ నంబరు దగ్గరే. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే పని జరుగుతుంది కానీ నంబరు రాదు. ‘సాయంత్రం వస్తా మేడమ్’ అన్నది ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. పది రోజులు తిప్పించుకున్నా మీరు ఫిర్యాదు చేసినట్టు రుజువే ఉండదు. అందుకే అబ్బాయికి చెప్పినా, ఎమ్మెస్వో కేంద్రానికీ ఒక ఫోన్ కొట్టి నంబరు రాసిపెట్టుకోవడం మేలు. దాంతోపాటు నెలనెలా రశీదు అడిగి తీసుకోవాలి. అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడేవాళ్లే మనలో ఎక్కువ.

మరి నేరుగా ట్రాయ్‌కే రాస్తే? విడి విడి వినియోగదారుల తగాదాలు తీర్చే అధికారం దానికి లేదు. వచ్చిన ఉత్తరాన్ని కంపెనీకే పంపుతుంది. టీడీశాట్ కూడా అంతే, కంపెనీల పేచీలు చూస్తుంది తప్ప ఒంటరి వినియోగదారుడి అర్జీ తీసుకోదు. మిగిలింది జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల రూపాయల లోపు విలువైన కేసుకు అక్కడ రుసుం లేదు. లాయరు లేకుండా సొంతంగానే వాదించుకోవచ్చు. ముందుగా 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పి చూడొచ్చు. అయినా మూడొందల బిల్లు కోసం వాయిదాలకు తిరిగేంత తీరిక ఎవరికుంటుంది? కంపెనీల ధైర్యమూ అదే.

అమెరికాలో ఊరే అడిగింది

అమెరికాలో ఉన్న మనవాళ్లు ‘ఇక్కడ కేబుల్ కంపెనీ మీద సిటీకి ఫిర్యాదు చేస్తాం’ అంటే ఇక్కడివాళ్లకు వింతగా ఉంటుంది. అక్కడ కేబుల్ 1948 ప్రాంతంలో, కొండల మధ్య సిగ్నల్ అందని చిన్న ఊళ్లలో మొదలైంది. తీగ వేయాలంటే ఊరి రోడ్డు దాటాలి, ఊరి స్తంభం ఎక్కాలి. రోడ్డు ఊరిది. కాబట్టి మున్సిపల్ కౌన్సిల్ ఒక ప్రశ్న అడిగింది... ‘మా రోడ్డు వాడుకుంటావు సరే, బదులుగా మాకేమిస్తావు?’

ఆ ప్రశ్నలోంచే ‘ఫ్రాంచైజీ’ ఒప్పందం పుట్టింది. కంపెనీ ఇన్నేళ్లు తీగ నడుపుకోవచ్చు. బదులుగా రాబడిలో వాటా కట్టాలి. 1984లో వచ్చిన చట్టం ఆ వాటా ఐదు శాతం మించకూడదంది. ఊరి బడులకూ, పౌరులకూ కొన్ని చానెళ్లు విడిచిపెట్టాలని ఒప్పందంలో రాయించుకునే వీలుంది. సేవ ఎలా ఉండాలో కౌన్సిల్ షరతులు పెట్టొచ్చు. 1993 నుంచి దేశమంతటికీ కనీస ప్రమాణాలు కూడా వచ్చాయి. ఫోన్ చేస్తే 30 సెకన్లలో మనిషి పలకాలి. సిగ్నల్ పోతే 24 గంటల్లోపు మరమ్మతు మొదలెట్టాలి. ‘రేపు వస్తాం’ అంటే కుదరదు, నాలుగు గంటలకు మించని సమయం చెప్పి ఆ లోపు రావాలి. వీటిని అమలు చేయించే బాధ్యత స్థానిక ప్రభుత్వానిది. ఒప్పందం గడువు దగ్గర పడ్డప్పుడు జనాన్ని పిలిచి సభ పెడతారు. పింఛనుదారు కూడా మైకు పట్టుకుని కంపెనీ ప్రతినిధి ముందే చెప్పుకోవచ్చు.

అదంతా స్వర్గమనుకుంటే పొరపాటు. చాలా ఊళ్లలో ఒకటే కంపెనీ, బిల్లులేమో మోత. 2005లో టెక్సస్, 2006లో కాలిఫోర్నియా, న్యూజెర్సీ... మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాలే ఇవి... ఊరూరా ఒప్పందం అక్కర్లేకుండా రాష్ట్రస్థాయిలోనే అనుమతి తీసుకునే వీలు కల్పించాయి. పోటీ పెరుగుతుందన్నారు. కౌన్సిళ్ల పట్టు మాత్రం సడలింది.

మన స్తంభాలు, మన తీగలు

మన దగ్గర ఆ మొదటి ప్రశ్నే ఎవరూ అడగలేదు. రోడ్డు మున్సిపాలిటీది, స్తంభం విద్యుత్ సంస్థది, తీగ ఆపరేటర్‌ది, రిజిస్ట్రేషన్ పోస్టాఫీసుది, నిబంధనలు ఢిల్లీవి. విద్యుత్ సంస్థలు స్తంభానికింతని అద్దె అడుగుతాయి. 2011 సవరణలో ‘దారి హక్కు’ గురించి ఒక సెక్షన్ చేర్చారు కానీ, అది తీగ వేసుకోనివ్వడం గురించే. తీగ వేసుకున్నవాడు ఊరికి జవాబుదారీగా ఉండాలన్న షరతు లేదు.

ఫలితం తలెత్తి చూస్తే కనిపిస్తుంది. ఒక్కో స్తంభానికి పిచ్చుక గూళ్లలా చుట్టలు చుట్టలుగా నల్ల తీగలు. అందులో ఏవి పనిచేస్తున్నాయో, ఏవి ఎప్పుడో వదిలేసినవో చెప్పేవాళ్లు లేరు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు ప్రసరించి ఐదుగురు చనిపోయారు. స్తంభాలకు వేలాడే తీగల మీదికి అందరి దృష్టీ మళ్లింది. విద్యుత్ సిబ్బంది కత్తెరలు పట్టుకుని కేబుళ్లు తెగ్గొట్టుకుంటూ పోయారు. కాలనీలకు కాలనీలు ఇంటర్నెట్ లేక, టీవీ లేక కూర్చున్నాయి. కంపెనీలు హైకోర్టుకెళ్లాయి. ముప్ఫై ఏళ్లలో స్థానిక యంత్రాంగం కేబుల్ మీద అంత గట్టిగా చెయ్యి వేసిన సందర్భం మరొకటి కనిపించదు. అదీ ప్రాణాలు పోయాక!

ప్రభుత్వమే ఆపరేటరైతే బాగుంటుందా? తమిళనాడు అరసు కేబుల్ పెట్టింది. 2007లో మొదలై పడకేసి, 2011లో నెలకు 70 రూపాయలకే అంటూ లేచింది. ఆంధ్రప్రదేశ్ 149 రూపాయలకు ఇంటర్నెట్, ఫోను, టీవీ మూడూ ఇస్తామంటూ ఫైబర్‌నెట్ తెచ్చింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. ధర తగ్గడం నిజమే. కానీ సేవ బాగోలేదని ఫిర్యాదు చేయాల్సింది మళ్లీ ఆ ప్రభుత్వానికే. పైగా చానెళ్లు మాయమైన గొడవల్లో ఫైబర్‌నెట్ పేరూ వినిపించింది.

ఇక కేబుల్ అబ్బాయి సంగతి. ఇంటింటికీ తిరిగి వసూలు చేసేదీ అతనే, వానలో నిచ్చెనెక్కేదీ అతనే. పే చానెళ్ల ధర అతని చేతిలో లేదు, సిగ్నల్ అతని చేతిలో లేదు. ఒకవైపు డీటీహెచ్ గొడుగులు, మరోవైపు సెల్‌ఫోన్లోనే సినిమాలు. కనెక్షన్లు రాలిపోతుంటే చాలామంది అదే తీగ పక్కన ఇంటర్నెట్ ఫైబర్ లాగి బతుకుతున్నారు. అతని పేరు రాసుకునే చోటు కూడా మారిపోయింది. 2025 జనవరి 17 నుంచి స్థానిక ఆపరేటర్ల రిజిస్ట్రేషన్ హెడ్ పోస్టాఫీసు నుంచి నేరుగా కేంద్ర సమాచార ప్రసార శాఖకు వెళ్లింది. అంతా ఆన్‌లైన్లోనే. ఏడాదికి ఐదొందలు పోయి, ఐదేళ్లకు ఐదు వేలు అయింది. పోస్ట్‌మాస్టర్ గారి దగ్గరున్న ఆ ఒక్క రిజిస్టరూ ఊళ్లోంచి వెళ్లిపోయింది.